కొండల్లో ఎంటీబీ (మౌంటెన్ బైక్) రేసుకి వీకెండ్ వెళ్తున్నారా? ఇంటి దగ్గర్నుంచే ఎలా రెడీ అవ్వాలంటే

కొండల్లో రేసు అనగానే మనవాళ్ళు మొదట అడిగే ప్రశ్న ఎంత ఎక్కాలి అని. ఎలివేషన్ ఎంతుంది, గ్రేడియెంట్ ఎంతుంది, నా కాళ్ళు తట్టుకుంటాయా లేదా, ఇదే గోల. ఎక్కడం కష్టమే, కాదనట్లేదు, కానీ ఎక్కలేకపోతే సైకిల్ దిగి తోసుకుంటూ నడిచిపోవచ్చు, ఎవరూ ఏమీ అనరు, రూల్స్ కూడా ఒప్పుకుంటాయి. దిగేటప్పుడు బ్రేకు పట్టకపోతే మాత్రం అలాంటి సౌకర్యం ఏదీ లేదు. ఇంకోటి, 800 కిలోమీటర్లు ప్రయాణం చేసి అక్కడ దిగాక డిరేలియర్ హ్యాంగర్, అంటే వెనక గేర్ మెషిన్‌ని ఫ్రేముకి కలిపే ముక్క, వంగిపోయి ఉందని తెలిస్తే, మూడు నెలల ట్రైనింగ్ అంతా గోవిందా. అందుకే దీంట్లో కాళ్ళ గురించి కొంచెం, బ్రేకుల గురించి, దిగడం గురించి, ప్రయాణం గురించి ఎక్కువ చెప్తాను.

లెక్కకి ఒక చోటు కావాలి కాబట్టి హైదరాబాద్ నుంచి కేరళలోని వయనాడ్ జిల్లా అనుకుందాం. అక్కడ మానంతవాడి అనే ఊరి దగ్గర ప్రియదర్శిని టీ తోటల్లో ఎంటీబీ కేరళ పోటీలు జరిగాయి, వయనాడ్ పేరు చాలామంది రైడర్లకి అలాగే తెలుసు. మీరు వెళ్ళేది కొడగుకో నీలగిరికో శిమ్లాకో అరకుకో అయినా పెద్ద తేడా ఏం ఉండదు, రూట్లు మారతాయి, చలి మారుతుంది, మిగతాదంతా సేమ్.

ముందు రేసు ఏంటో సరిగ్గా చదవండి

రిజిస్ట్రేషన్ ఫీజు కట్టేసి టీషర్ట్ సైజు ఇచ్చేసి మిగతాది చదవకుండా వదిలేసేవాళ్ళే ఎక్కువ. ఫార్మాట్ చూడండి. ఎక్స్‌సీఓ (క్రాస్ కంట్రీ ఒలింపిక్) అంటే చిన్న ల్యాప్, 4 నుంచి 6 కిలోమీటర్లు, దాన్నే మళ్ళీ మళ్ళీ తిరగాలి, మొత్తం గంటా గంటన్నర పని, కానీ ఆ గంటన్నరా గుండె నోట్లోకి వచ్చేస్తుంది. మారథాన్ అంటే ఒకటే పెద్ద రూటు, గంటలకి గంటలు, అక్కడ తిండీ నీళ్ళూ ముఖ్యం. డౌన్‌హిల్ అయితే అసలు వేరే లోకం, దానికి వేరే సైకిల్, ఫుల్ ఫేస్ హెల్మెట్, దాని జోలికి ఇక్కడ పోవట్లేదు.

ఎక్స్‌సీఓలో 80 శాతం రూల్ అని ఒకటుంటుంది, కొత్తవాళ్ళకి దీని గురించి ఎవరూ చెప్పరు. ముందున్న రైడర్ మొదటి ల్యాప్ 15 నిమిషాల్లో కొట్టాడనుకోండి, దానికి 80 శాతం కలిపితే 27 నిమిషాలు, మీకు అంతకంటే ఎక్కువ పడుతుంటే మిమ్మల్ని పక్కకి తీసేస్తారు. చిన్న లోకల్ రేసుల్లో దీన్ని పెట్టకపోవచ్చు, పెట్టారో లేదో ముందే అడగండి. కేటగిరీ ఎంచుకునేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి, ఎలీట్ అని టిక్ పెట్టేసి రెండో ల్యాప్‌లో బయటికి రావడం కంటే మీ వయసు కేటగిరీలో మొత్తం రేసు తొక్కడమే మేలు, డబ్బులు కూడా అవే కదా.

మెడికల్ సర్టిఫికెట్ అడుగుతున్నారా, ఏ ఐడీ తీసుకెళ్ళాలి, సైక్లింగ్ ఫెడరేషన్ లైసెన్స్ కావాలా, పిల్లలైతే తల్లిదండ్రుల సంతకం కావాలా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని ప్రింట్లు తీసి పెట్టుకోండి. కొండల్లో ఫోన్ సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోకండి, డాక్యుమెంట్లు క్లౌడ్‌లో ఉన్నాయి సర్ అంటే కౌంటర్ దగ్గర వాలంటీర్ ఏం చేస్తాడు పాపం.

రెండు నెలల ముందు: ఎక్కే కొండ కంటే దిగే కొండ వెతకండి

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి అవుటర్ పక్కన సోలార్ కప్పు వేసిన ట్రాక్ ఉంది, 23 కిలోమీటర్లు, 2023 లో ఓపెన్ చేశారు, దమ్ము పెంచుకోవడానికి బాగుంటుంది, కానీ కొండ రేసుకి అదొక్కటే చాలదు. వారానికి ఒక రోజన్నా వికారాబాద్ అనంతగిరి వైపు వెళ్ళండి, సిటీ నుంచి 75, 80 కిలోమీటర్లు, పొద్దున్నే నాలుగున్నరకి బయల్దేరితే ఎండ ముదిరేలోపు పని అయిపోతుంది. వైజాగ్ వాళ్ళకి అసలు కంప్లైంట్ చేసే హక్కే లేదు, కైలాసగిరి ఉంది, సింహాచలం ఉంది, ఓపిక ఉంటే అరకు ఘాట్ ఉంది. మదనపల్లె, అనంతపురం వైపు వాళ్ళకి హార్స్‌లీ హిల్స్, దాదాపు 1,265 మీటర్ల ఎత్తు. చుట్టుపక్కల కొండే లేదు అనేవాళ్ళు ఫ్లైఓవర్ మీద రిపీట్లు కొడతారు, దానికంటే ఎదురుగాలిలో పెద్ద గేర్ వేసి మెల్లగా తొక్కడం నయం, ట్రాఫిక్‌లో ప్రాణాలు పెట్టక్కర్లేదు.

వారానికి మూడు రైడ్లు గట్టిగా చేస్తే చాలు, ఉద్యోగం చేసుకునేవాళ్ళకి అంతకంటే కుదరదు కూడా. ఒకటి లాంగ్ రైడ్, రెండున్నర మూడు గంటలు, మాట్లాడుతూ తొక్కగలిగేంత స్పీడులో. ఒకటి కొండ రిపీట్లు, నాలుగైదు నిమిషాలు గట్టిగా ఎక్కడం, నింపాదిగా దిగడం, మళ్ళీ ఎక్కడం, ఇలా ఐదారు సార్లు. మూడోది మట్టి మీద స్కిల్ రైడ్, దీన్నే అందరూ ఎగ్గొడతారు.

స్కిల్ రైడ్ అంటే ఏం చేయాలో చెప్తా. ఒక వంద మీటర్ల వాలు చూసుకోండి, వదులు మట్టి, గులకరాళ్ళు, ఒక మలుపు ఉంటే చాలు. సీటు కొంచెం కిందికి దించండి. పైనుంచి దిగేటప్పుడు రెండు పెడల్సూ నేలకి సమానంగా, ఒకటి పైన ఒకటి కింద కాకుండా, పిర్ర సీటు మీంచి లేపి, మోకాళ్ళూ మోచేతులూ వంచి నిలబడండి. చేతులు కర్రల్లా బిగుసుకుపోతే ప్రతి రాయీ భుజం దాకా తగుల్తుంది. బ్రేకు మీద ఒక్క వేలే, చూపుడు వేలు, మిగతా మూడు వేళ్ళూ హ్యాండిల్‌ని పట్టుకోవాలి. బ్రేకు మలుపుకి ముందే వేసేసి, మలుపులోకి వెళ్ళాక వదిలేయాలి. ముందు బ్రేకంటే భయపడి వెనక బ్రేకే నొక్కుతూ పోతారు చాలామంది, వెనక చక్రం లాక్ అయ్యి పక్కకి జారిపోతుంది, ఆగే పవర్‌లో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే, దాన్ని మెల్లగా నొక్కడం అలవాటు చేసుకోవాలంతే. చూపు మాత్రం చక్రం ముందు కాదు, ఎటు వెళ్ళాలో అటు. గుంతని చూస్తూ ఉంటే గుంతలోకే వెళ్తారు, గ్యారంటీ.

ఎక్కేటప్పుడు చూసుకోవాల్సింది ఒక్కటే, గేరు. కొండ మొదలయ్యాక, పెడల్ మీద బరువంతా పడ్డాక గేరు మారిస్తే చైన్ టకటకమని అరుస్తుంది, ఒక్కోసారి తెగుతుంది కూడా. ముందే, ఇంకా తేలిగ్గా తొక్కుతున్నప్పుడే మార్చేయండి. బాగా నిటారుగా ఉన్న చోట నిలబడి తొక్కితే వెనక చక్రం మట్టిలో ఊరికే తిరుగుతుంది, సీటు ముందు కొసకి జరిగి, ఛాతీ కిందికి వంచి కూర్చునే తొక్కండి.

చివరి వారం మొత్తం సగానికి తగ్గించేయాలి. కానీ పూర్తిగా మానేయకండి, మంగళవారం ఒక గంట రైడ్, దాంట్లో రెండు మూడు గట్టి బరస్టులు, అంతే. చివరి వారంలో భయంతో కొట్టే వంద కిలోమీటర్లు రేసు రోజు అలసటగానే కనిపిస్తాయి.

రెండు వారాల ముందు: సైకిల్ సర్వీస్

రెండు వారాల ముందే ఎందుకంటే, వీకెండ్ ముందు ఏ షాపులో చూసినా జనమే, మీ సైకిల్ మూల పడుంటుంది, శుక్రవారం సాయంత్రం హడావిడిగా ఇస్తారు, మీకు టెస్ట్ చేసే టైం ఉండదు. రెండు వారాలు ఉంటే కొత్తగా వేసిన పార్టులు నాలుగు రైడ్లలో సెట్ అవుతాయి, ఏదన్నా తేడా ఉంటే వెనక్కి తీసుకెళ్ళొచ్చు.

బ్రేక్ ప్యాడ్లు మీరే బయటికి తీసి చూడండి. ప్యాడ్ మీదున్న లైనింగ్ ఒక మిల్లీమీటర్ కంటే పలచబడితే మార్చేయాల్సిందే, ఇంకొక రేసు వస్తుందిలే అనుకోవద్దు, తడి ఎర్రమట్టిలో ప్యాడ్లు మనం ఊహించిన దానికంటే చాలా తొందరగా అరిగిపోతాయి. ప్యాడ్లలో రెసిన్‌వి ఉంటాయి, మెటల్‌వి ఉంటాయి. రెసిన్ చప్పుడు చేయదు, మొదటి నొక్కుకే పట్టుకుంటుంది, కానీ లాంగ్ డిసెంట్‌లో వేడెక్కితే పట్టు తగ్గుతుంది, బురదలో తొందరగా అరుగుతుంది. మెటల్ కొంచెం కీచుమంటుంది, కానీ తడిలో, వేడిలో బాగా ఆగుతుంది. వర్షం పడే చోట కొండ రేసంటే నా ఓటు మెటల్‌కే. అయితే కొన్ని చవక రోటర్ల (బ్రేకు డిస్కుల) మీద రెసిన్ ప్యాడ్ మాత్రమే వాడాలని రాసుంటుంది, అది చూసుకుని కొనండి.

కొత్త ప్యాడ్లు వేసి తిన్నగా రేసుకి వెళ్ళకూడదు. ఖాళీ రోడ్డు చూసుకుని ఓ మోస్తరు స్పీడులో వెళ్ళి, ఆగిపోయేదాకా కాకుండా నడక స్పీడు వచ్చేదాకా మెల్లగా నొక్కి వదలండి. ఇలా ఒక ఇరవై సార్లు ముందు బ్రేకుతో, ఇరవై సార్లు వెనక బ్రేకుతో. మొదట్లో ఏమీ పట్టనట్టు ఉంటుంది, పది దాటాక తేడా మీకే తెలుస్తుంది, లీవర్ నొక్కగానే గట్టిగా కరుచుకుంటుంది. ఇంకా ఒక్క ముఖ్యమైన మాట, చైన్‌కి ఆయిల్ స్ప్రే కొట్టేటప్పుడు డిస్క్ మీద చుక్క పడినా ఆ ప్యాడ్ ఖరాబైనట్టే, కాబట్టి స్ప్రే వద్దు, చుక్కలు చుక్కలుగా వేసే డబ్బా వాడండి, వేశాక పాత బనియన్ ముక్కతో తుడిచేయండి. హైడ్రాలిక్ బ్రేకులు మెత్తగా స్పాంజిలా అయిపోతే బ్లీడింగ్ చేయించాలి, అంటే లోపలి గాలి తీయించి ఆయిల్ నింపించాలి. షిమానో వాటికి మినరల్ ఆయిల్, స్రామ్‌లో చాలావాటికి డాట్ ఫ్లూయిడ్, ఒకదాంట్లో ఇంకోటి పోస్తే సీళ్ళు పాడైపోతాయి, షాపులో కుర్రాడు ఏది పోస్తున్నాడో పక్కన నిలబడి చూడటంలో తప్పేం లేదు.

చైన్ అరుగుదల గేజ్ పెట్టి చూపించమనండి. 11, 12 స్పీడ్ వాళ్ళు 0.5 దగ్గరే మార్చేయాలి, 8, 9 స్పీడ్ అయితే 0.75 దాకా లాగొచ్చు. పాత క్యాసెట్ (వెనక చక్రానికుండే పళ్ళ చక్రాల సెట్) మీద కొత్త చైన్ జారుతుందేమో ఒక కొండ ఎక్కి చూడండి. మీది సింగిల్ చైన్‌రింగ్ సైకిలై, ముందు పళ్ళ చక్రానికి 34 పళ్ళుంటే, కొండ రేసుకి 30 కి మార్చడం గురించి ఆలోచించండి, ఫ్లాట్‌లో కొంచెం స్పీడ్ పోతుంది గానీ మూడో ల్యాప్‌లో మోకాళ్ళు దండం పెడతాయి. 3x8 (ముందు మూడు, వెనక ఎనిమిది గేర్లు) ఉన్నవాళ్ళకి ఈ బాధ లేదు, ముందు చిన్న రింగ్ సరిగ్గా పడుతుందో లేదో చూసుకోండి చాలు, ఎందుకంటే సిటీలో దాన్నెప్పుడూ వాడం, కేబుల్ తుప్పు పట్టి ఉంటుంది.

టైర్లు. ట్యూబ్ ఉన్న 29 సైజు, 2.2 అంగుళాల టైరు, 70 కిలోల మనిషి అయితే 28 నుంచి 32 పీఎస్ఐ మధ్యలో మొదలుపెట్టండి, ట్యూబ్‌లెస్ అయితే 21 నుంచి 25. పంప్ షాపు వాడు రాయిలా అయ్యేదాకా కొట్టి పంపుతాడు, అలా ఉంటే వేళ్ళ మీద, రాళ్ళ మీద టైరు బంతిలా ఎగురుతుంది, పట్టు ఉండదు. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి రెండు కన్నాలు పడతాయి, పాము కాటు అంటాం దాన్ని. ట్యూబ్‌లెస్ వాళ్ళు సీలెంట్ (కన్నాలు పూడ్చే ద్రవం) చివరిసారి ఎప్పుడు పోశారో గుర్తు లేకపోతే ఎండిపోయిందనే అర్థం, మన ఎండలకి రెండు మూడు నెలలు ఆగడమే ఎక్కువ.

ఫోర్క్‌లో గాలి కూడా మీ బరువుకి సెట్ చేయించుకోండి, రేసు బట్టలేసుకుని నీళ్ళ సీసాతో సహా సైకిల్ మీద నిలబడితే మొత్తం ట్రావెల్‌లో 20 నుంచి 25 శాతం కిందికి దిగాలి. ఫోర్క్ కాలు మీద చిన్న రబ్బర్ రింగ్ ఉంటుంది, అది ఎక్కడిదాకా జరిగిందో స్కేలు పెట్టి కొలిచేయొచ్చు.

బ్యాగు

బట్టల గురించి నేను చెప్పను, రెండు జతల రైడింగ్ బట్టలు, రెండు జతల గ్లోవ్స్, ఒక రెయిన్ జాకెట్, చాలు. టూల్ బ్యాగు గురించి మాత్రం చెప్తా.

అన్నింటికంటే ముందు డిరేలియర్ హ్యాంగర్. వెనక గేర్ మెషిన్‌ని ఫ్రేముకి కలిపే చిన్న అల్యూమినియం ముక్క అది, కావాలనే మెత్తగా చేస్తారు, సైకిల్ పడ్డప్పుడు ఫ్రేము బదులు అదే వంగిపోవడానికి. ప్రతి ఫ్రేముకీ వేరే షేపు, పక్కోడి సైకిల్‌ది మీకు పట్టదు, మానంతవాడిలో అడిగితే మీ మోడల్‌ది దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. ముందే మీ ఫ్రేముది ఒకటి ఆర్డర్ పెట్టి బ్యాగులో పడేయండి. దాంతోపాటు చైన్‌కి రెండు క్విక్ లింకులు, చైన్ టూల్, ఎలెన్ కీ సెట్, రెండు ట్యూబులు, టైర్ లీవర్లు, ప్యాచ్ కిట్, చిన్న పంపు, ఒక సెట్ ప్యాడ్లు ఎక్స్‌ట్రా, డజను జిప్ టైలు, ఇన్సులేషన్ టేపు. ఫస్ట్ ఎయిడ్‌లో డెటాల్, గాజు గుడ్డ, మైక్రోపోర్ టేపు, క్రేప్ బ్యాండేజి. టీటీ ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు చేయించుకున్నారో గుర్తు తెచ్చుకోండి. వానల్లో వెళ్తుంటే చిన్న పొట్లంలో ఉప్పు, జలగల కోసం. జలగని చూసి అరవకండి, పట్టుకుని లాగకండి, ఉప్పు వేస్తే అదే రాలిపోతుంది.

ప్రయాణం

కార్లో అయితే బెంగళూరు దాకా 570 కిలోమీటర్లు, అక్కడి నుంచి మైసూరు ఇంకో 145, మైసూరు నుంచి మానంతవాడి హెచ్‌డీ కోటె, బావలి మీదుగా సుమారు 110. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఆ బావలి రోడ్డు అడవిలోంచి వెళ్తుంది, సాయంత్రం 6 నుంచి పొద్దున 6 దాకా గేటు మూసేస్తారు. బందీపూర్ మీదుగా సుల్తాన్ బత్తేరి వెళ్ళే హైవే కూడా రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బంద్. గూగుల్ మ్యాప్ చూసి పద్నాలుగు పదిహేను గంటల్లో వెళ్ళిపోతాం అనుకుని పొద్దున ఐదింటికి బయల్దేరితే రాత్రి చెక్‌పోస్ట్ ముందు కార్లో పడుకోవాల్సి వస్తుంది. గురువారం పొద్దున బయల్దేరండి, రాత్రికి మైసూరులో రూమ్ తీసుకుని పడుకోండి, శుక్రవారం టిఫిన్ చేసి తీరిగ్గా అడవి దాటితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటారు. అడవి రోడ్డులో ఆగకండి, ఏనుగు ఫోటోల కోసం అస్సలు దిగకండి. లీవు ఒక్క శుక్రవారమే పెడితే సరిపోదు అని దీన్నిబట్టే అర్థమై ఉంటుంది, గురు, శుక్ర, సోమ మూడూ కావాలి, మేనేజర్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి.

కారు వెనక ర్యాక్‌కి కడితే నంబర్ ప్లేటు, లైట్లు కనపడేలా చూసుకోండి. వీలైతే రెండు చక్రాలూ తీసి లోపలే పెట్టేయండి, అన్నిటికంటే సేఫ్. చక్రం తీశాక ఒక చిన్న పని మర్చిపోకూడదు, బ్రేక్ ప్యాడ్ల మధ్యలో అట్ట ముక్క మడిచి దూర్చండి, సైకిల్ కొన్నప్పుడు వచ్చే ప్లాస్టిక్ ముక్క ఉంటే ఇంకా మంచిది. అది లేకుండా దారిలో ఎవరన్నా బ్రేకు లీవర్ నొక్కారంటే, పక్కన కూర్చున్న ఫ్రెండ్ ఊరికే ఆడుకుంటూ నొక్కుతాడు, చూస్తుండండి, పిస్టన్లు బయటికొచ్చి ప్యాడ్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, తర్వాత చక్రం దూరదు. అప్పటికీ అయితే కంగారు పడకండి, చదునైన టైర్ లీవర్‌తో ప్యాడ్ల మధ్యలో మెల్లగా తోస్తూ వెడల్పు చేయాలి.

ట్రైన్లో అయితే కాచిగూడ నుంచి మైసూరుకి డైరెక్ట్ ట్రైన్ ఉంది, సైకిల్‌ని లగేజ్‌గా పార్శిల్ ఆఫీసులో బుక్ చేయాలి, ట్రైన్ టైంకి బాగా ముందే వెళ్ళండి. ఫ్లైట్ అయితే కన్నూరు గానీ కోళికోడ్ గానీ. కోళికోడ్ నుంచి వస్తే తామరస్సేరి ఘాట్, తొమ్మిది హెయిర్‌పిన్ మలుపులు, సైకిళ్ళు ట్యాక్సీ పైన కట్టుంటే తాళ్ళు రెండోసారి చూసుకుని మరీ ఎక్కండి. ఫ్లైట్ ప్యాకింగ్‌కి ఏదైనా సైకిల్ షాపులో ఖాళీ అట్టపెట్టె అడిగితే ఇస్తారు. పెడల్స్ విప్పండి, ఎడమవైపు పెడల్‌కి మరలు రివర్స్‌లో ఉంటాయి. హ్యాండిల్ తిప్పి ఫ్రేముకి కట్టండి. వెనక డిరేలియర్ విప్పి, బబుల్ ర్యాప్ చుట్టి, ఫ్రేము లోపలివైపు జిప్ టైతో కట్టేయండి, ఈ ఐదు నిమిషాల పని హ్యాంగర్‌ని కాపాడుతుంది. టైర్లలో గాలి తగ్గించండి. టైర్లకి గాలి కొట్టే సీఓటూ సిలిండర్లు పెట్టకండి, తీయించేస్తారు, లైట్ల బ్యాటరీలు, పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే.

శిమ్లా లాంటి చోటికైతే ఎత్తు 2,200 మీటర్లు, ఊపిరి తేడా తెలుస్తుంది, ఇంకో రోజు ముందే వెళ్ళాలి. మానంతవాడి 760 మీటర్లే, హైదరాబాదే 500 పైన ఉంది కదా, ఎత్తు వల్ల ఇబ్బందేం లేదు. తేమ వల్ల మాత్రం ఉంటుంది, చెమట ఆరదు, నీళ్ళు ఎక్కువ పడతాయి.

శనివారం: కోర్సు చూడటం

ప్రాక్టీస్ ల్యాప్ మెల్లగా తొక్కండి, రెండు చాలు. మొదటి ల్యాప్‌లో కష్టమైన చోటల్లా ఆగండి, సైకిల్ పక్కన పెట్టి నడుచుకుంటూ కిందికి వెళ్ళి, అక్కడ్నుంచి పైకి చూడండి. పైనుంచి చూస్తే అన్నీ సాఫీగానే కనపడతాయి, కిందనుంచి చూస్తేనే మెట్టు ఎంతుందో తెలుస్తుంది. టీ తోటల దారిలో వాన పడితే ఎర్రమట్టి సబ్బులా అయిపోతుంది, చెట్ల వేళ్ళు అడ్డంగా ఉంటే వాటిని ఏటవాలుగా కాకుండా తిన్నగా, బ్రేకు వేయకుండా దాటాలి. ఎక్కడ దిగి నడవాలో కూడా ఇప్పుడే డిసైడ్ చేసుకోండి, రేసులో ఆవేశంలో డిసైడ్ చేస్తే ఆ పక్కనున్న టీ పొదల్లో తేల్తారు. ప్రతి కష్టమైన చోటుకీ పక్కన ఒక ఈజీ లైన్ ఉంటుంది సాధారణంగా, కొంచెం పొడుగు దారి, దాన్ని వాడుకోవడంలో సిగ్గేం లేదు.

ప్రాక్టీస్ అయిపోయాక ఊరు చూద్దాం అని తెల్లవారుజామున అడవి రోడ్ల మీద వార్మప్ రైడ్లు పెట్టుకోకండి. చుట్టూ వైల్డ్‌లైఫ్ శాంక్చువరీ, తోల్‌పెట్టి ఒక పక్క, ముత్తంగ ఇంకో పక్క, ఏనుగులకి రేసు ఉందని తెలియదు.

తిండి. ఇక్కడ ఒక్కటే రూల్, కడుపుకి అలవాటు లేనిది రేసు అయ్యాకే. ఆదివారం సాయంత్రం బీఫ్ ఫ్రై తింటారో మలబార్ బిర్యానీ తింటారో మీ ఇష్టం, శనివారం రాత్రి మాత్రం వద్దు. అక్కడ హోటళ్ళలో లావు ఎర్రబియ్యం అన్నం పెడతారు, మంచిదే గానీ పీచు ఎక్కువ, అరగడానికి టైం పడుతుంది, తెల్లన్నం అడిగితే ఇస్తారు. అప్పం, ఇడియప్పం అయితే మన ఇడ్లీలాగే తేలిగ్గా ఉంటాయి. గ్లాసులో గులాబీ రంగు వేడినీళ్ళు పెడతారు, చెక్క వేసి మరిగించినవి, భయపడకండి, మంచినీళ్ళే అవి. మీ గది చుట్టూ హోటలేం లేకపోతే అటుకులు, పెరుగు, అరటిపండ్లు కొని పెట్టుకోండి, పొద్దున్నకి అదే బ్రేక్‌ఫాస్ట్.

రేసు రోజు

స్టార్ట్‌కి మూడు గంటల ముందు లేచి తినేయాలి, ఇడ్లీ నాలుగో ఐదో, లేదా అటుకులూ పెరుగూ. గంటకి మించిన రేసైతే దారిలో గంటకి 40 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి, ఓ మోస్తరు అరటిపండులో 25 గ్రాములు ఉంటుంది, ఖర్జూరాలు, పల్లీ చిక్కీ మన దగ్గర చవగ్గా దొరికే జెల్లులు. చిక్కీని ముందే చిన్న ముక్కలు చేసి పెట్టుకోండి, ఎక్కుతూ నమిలితే ఊపిరి ఆడదు, అందుకే ఫ్లాట్‌లో తినాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపేటప్పుడు దానిమీద రాసినంత నీళ్ళలోనే కలపండి, చిక్కగా కలిపితే కడుపులో తిప్పుతుంది.

నంబర్ ప్లేటు హ్యాండిల్‌కి కట్టేటప్పుడు కేబుళ్ళని నొక్కేయకుండా చూసుకోండి, ఇది చిన్నదే గానీ గేర్లు సరిగ్గా పడకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. గాలి గేజ్‌తో మళ్ళీ చూడండి, రాత్రి చలికి తగ్గి ఉంటుంది. పావుగంట, ఇరవై నిమిషాలు వార్మప్, చెమట పట్టేదాకా. స్టార్ట్ లైన్ దగ్గర మొదటి కొండకి కావాల్సిన గేరులోనే నిలబడండి.

గన్ పేలగానే అందరూ పిచ్చెక్కినట్టు వెళ్తారు, ఎందుకంటే రోడ్డు సన్నబడే ముందు ముందుకెళ్ళాలని. మీరు కొత్తవాళ్ళైతే మధ్యలో ఉండండి, మొదటి ఎక్కుడులో ఒక చిన్న వాక్యం మాట్లాడగలిగేంత ఊపిరి మిగుల్చుకోండి, ముందు పరిగెత్తినవాళ్ళలో సగం మంది రెండో ల్యాప్‌లో మీకే కనపడతారు. వెనకనుంచి ఫాస్ట్ రైడర్ లెఫ్ట్ అనో రైట్ అనో అరిస్తే, దారి వెడల్పైన చోట పక్కకి జరగండి, సన్న దారిలో ఉన్నపళంగా ఆగిపోకండి. దిగేటప్పుడు ముందువాడికి అతుక్కుని వెళ్ళొద్దు, వాడు పడితే మీరూ పడతారు. చేతులు నొప్పెట్టి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయంటే బ్రేకు పట్టుకునే ఉంచుతున్నారని అర్థం, తిన్నటి చోట వదిలి, అవసరమైన చోట గట్టిగా నొక్కండి, రోటర్ చల్లబడటానికి కూడా టైం దొరుకుతుంది. డిసెంట్ అయిపోగానే రోటర్‌ని చేత్తో ముట్టుకోవద్దు, చర్మం ఊడొస్తుంది.

పడితే ముందు మీరు లేవండి, తర్వాత సైకిల్ చూడండి. హ్యాండిల్ తిన్నగా ఉందా, చక్రం తిరుగుతుందా, బ్రేకు పడుతుందా, ఈ మూడూ ఉంటే వెళ్ళిపోవచ్చు. తల నేలకి తగిలితే మాత్రం రేసు అక్కడితో అయిపోయింది, బాగానే ఉన్నాను అని ఎంత అనిపించినా, హెల్మెట్ పగిలినా పగలకపోయినా, మెడికల్ టెంట్‌కే వెళ్ళాలి. ఆ హెల్మెట్‌ని ఇంక వాడకూడదు కూడా.

రేసయ్యాక

గంటలోపు ఏదన్నా గట్టిగా తినండి, బట్టలు మార్చుకోండి, తడి బట్టలతో ఫోటోలు దిగుతూ గంట నిలబడితే జలుబు ఖాయం. సైకిల్‌కి బురద ఆరకముందే బకెట్ నీళ్ళు పోసి కడగండి. అక్కడ కార్ వాష్ వాళ్ళ ప్రెషర్ పైపు కనపడుతుంది, దాన్ని బేరింగుల మీద, హబ్బుల మీద పెట్టకండి, నీళ్ళు లోపలికి పోతే నెల తర్వాత గరగరమని మొదలవుతుంది. తుడిచి చైన్‌కి ఆయిల్ వేసి అప్పుడు ప్యాక్ చేయండి, మళ్ళీ అట్ట ముక్క ప్యాడ్ల మధ్యలో, మర్చిపోవద్దు.

ఆదివారం సాయంత్రమే బయల్దేరదాం, పొద్దున్నకి ఆఫీసుకెళ్ళిపోదాం అనే ఫ్రెండ్ ప్రతి గ్రూపులో ఒకడుంటాడు. ప్రైజులు ఇచ్చేసరికి ఎలాగూ నాలుగవుతుంది, బావలి గేటు ఆరింటికి మూస్తారు, రేసు తొక్కిన కాళ్ళతో రాత్రంతా హైవే మీద డ్రైవింగ్ ఎవరికీ మంచిది కాదు. ఆ రాత్రి అక్కడే పడుకుని, సోమవారం పొద్దున గేటు తెరిచాక బయల్దేరండి, ఇద్దరు డ్రైవర్లు ఉంటే మూడు గంటలకోసారి మారుతూ రాత్రికి ఇల్లు చేరొచ్చు. మంగళవారం ఆఫీసు నుంచి వచ్చాక బ్యాగు ఖాళీ చేసి, ఏ ట్యూబ్ వాడేశారు, ప్యాడ్లు ఎంత మిగిలాయి చూసి, తక్కువైనవి అప్పుడే ఆర్డర్ పెట్టేయండి.